అమ్మ ఐదేళ్లు పెద్ద, హీరోయిన్ ఇరవై ఆరేళ్లు చిన్న

2024 సంక్రాంతికి 'గుంటూరు కారం' విడుదలైంది. మహేశ్ బాబు పుట్టింది 1975 ఆగస్టులో. ఆ సినిమాలో ఆయనకు జోడీగా నటించిన శ్రీలీల 2001 జూన్‌లో పుట్టారు. తేడా దాదాపు ఇరవై ఆరేళ్లు. అదే సినిమాలో ఆయనకు తల్లిగా నటించినది రమ్యకృష్ణ. ఆమె పుట్టింది 1970 సెప్టెంబరులో, అంటే కొడుకు కంటే ఐదేళ్లు పెద్ద.

మొదటి లెక్క అందరూ వేస్తారు. కొత్త సినిమా ప్రకటించగానే హీరో వయసెంత, హీరోయిన్ వయసెంత అన్న చర్చ సోషల్ మీడియాలో మొదలైపోతుంది. రెండో లెక్క వేసేవాళ్లు తక్కువ. నిజానికి ఈ రెండూ ఒకే లెక్కలో రెండు భాగాలు. హీరో పక్కన ఇరవై రెండేళ్ల అమ్మాయి నిలబడాలంటే, హీరో వయసున్న నటి ఎక్కడికో ఒకచోటికి జరగాలి. మన సినిమాల్లో ఆమె జరిగే చోటు అమ్మ పాత్ర.

రవితేజ విషయంలోనూ ఇంతే. 2003లో వచ్చిన 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'లో ఆయనకు తల్లి జయసుధ. ఇద్దరి మధ్య తేడా తొమ్మిదేళ్లు. 2022 చివర్లో వచ్చిన 'ధమాకా'లో ఆయన జోడీ శ్రీలీల. ఇక్కడ తేడా ముప్పై మూడేళ్లు. 'బాహుబలి'లో శివగామిగా వేసిన రమ్యకృష్ణకీ, ఆమె పెంచిన కొడుకుగా వేసిన ప్రభాస్‌కీ మధ్య నిజ జీవితంలో తేడా తొమ్మిదేళ్లే. మగ క్యారెక్టర్ ఆర్టిస్టులకు కూడా ఇది తప్పలేదన్న మాట న్యాయమైనదే. రవితేజకు తండ్రిగా వేసినప్పుడు ప్రకాశ్ రాజ్ ఆయన కంటే మూడేళ్లే పెద్ద. కానీ ప్రకాశ్ రాజ్ మొదటినుంచీ తెలుగులో విలన్‌గా, తండ్రిగా, క్యారెక్టర్ నటుడిగా ఎదిగిన మనిషి. జయసుధ, రమ్యకృష్ణ హీరోయిన్లు. వాళ్లతో కలిసి డ్యూయెట్లు పాడిన హీరోలు ఇంకా హీరోలుగానే ఉన్న కాలంలో వాళ్లు తల్లులయ్యారు.

ఈ తేడా అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది విజయశాంతి, బాలకృష్ణల విషయంలో. 'ముద్దుల మావయ్య', 'లారీ డ్రైవర్', 'రౌడీ ఇన్‌స్పెక్టర్' లాంటి సినిమాల్లో ఎనభైల చివర, తొంభైల మొదట్లో వాళ్లది హిట్ జోడీ. బాలకృష్ణది 1960, విజయశాంతిది 1966. ఆరేళ్ల తేడా. 2025 జనవరిలో అరవై నాలుగేళ్ల బాలకృష్ణ 'డాకు మహారాజ్'లో తనకంటే ముప్పై మూడేళ్లు చిన్నదైన ఊర్వశి రౌతేలాతో పాటకు డ్యాన్స్ చేశారు. ఆ పాట స్టెప్పుల మీద పెద్ద రగడే జరిగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన 'అర్జున్ సన్నాఫ్ వైజయంతి'లో విజయశాంతి కళ్యాణ్ రామ్‌కు తల్లి. కళ్యాణ్ రామ్ బాలకృష్ణకు స్వయానా అన్న కొడుకు. ఒకప్పటి జంటలో ఒకరు ఇంకా హీరో, ఇంకొకరు ఆ హీరో అన్న కొడుక్కి అమ్మ. విజయశాంతి చేసింది బలమైన పాత్రే, సినిమా పేరులోనే ఆమె పాత్ర పేరుంది. అయినా ఆమె తోటి హీరోలకు ఉన్న దారి ఆమెకు లేదన్నది కాదనలేని నిజం.

తెలుగు సినిమా పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉందా? లేదు. 1951లో 'మల్లీశ్వరి' వచ్చేనాటికి ఎన్టీఆర్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. భానుమతి ఆయన కంటే రెండేళ్లే చిన్న. అక్కినేనితో ఆమె 'లైలా మజ్ను', 'విప్రనారాయణ' చేశారు, అక్కడ తేడా ఏడాది. 'సువర్ణ సుందరి'లో అక్కినేనికి జోడీ అయిన అంజలీదేవి ఆయన కంటే మూడేళ్లు చిన్న. 'లవకుశ'లో ఎన్టీఆర్ రాముడైతే ఆమె సీత, అప్పుడు నాలుగేళ్ల తేడా. ఆ తరంలో హీరో, హీరోయిన్ దాదాపు ఒకే ఈడు. భానుమతి అయితే నటి మాత్రమే కాదు, గాయని, దర్శకురాలు, స్టూడియో యజమాని. ఆమె పక్కన హీరో ఒక మెట్టు పైనున్నట్టు ఎప్పుడూ అనిపించదు.

తరవాత జరిగిందేమిటంటే, హీరోలు కదల్లేదు, హీరోయిన్లు మారిపోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ మూడు దశాబ్దాలకు పైగా హీరోలుగా నిలబడ్డారు. ఆ కాలంలో హీరోయిన్ల తరాలు మూడు నాలుగు గడిచాయి. భానుమతి, అంజలి తరవాత సావిత్రి, జమున, కృష్ణకుమారి. వాళ్ల తరవాత వాణిశ్రీ. ఆ తరవాత జయసుధ, జయప్రద, శ్రీదేవి. కొత్త తరం వచ్చినప్పుడల్లా తేడా పదేళ్ల చొప్పున పెరుగుతూ పోయింది. 1971లో 'దసరా బుల్లోడు', 'ప్రేమనగర్'లలో అక్కినేని సరసన వెలిగిపోయిన వాణిశ్రీ, 1989 నాటికి 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు'లో చిరంజీవికి అత్త. ఆ మరుసటి ఏడాది 'బొబ్బిలి రాజా'లో వెంకటేశ్‌కు అత్త.

1972 నాటి 'బడిపంతులు' గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆ సినిమాలో శ్రీదేవి ఎన్టీఆర్‌కు మనవరాలిగా నటించిందనీ, ఏడేళ్ల తరవాత 'వేటగాడు'లో ఆయనకే హీరోయిన్ అయిందనీ చాలామందికి తెలుసు, తరచూ చెప్పుకుంటారు కూడా. ఎవరూ చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కు భార్య అంజలీదేవి. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిది, ఆమెకు నలభై ఐదు నడుస్తున్నాయి. తన ఈడు నటి పక్కన, తనకంటే పెద్ద వయసు పాత్రలో ఆయన హాయిగా ఒదిగిపోయారు. అంటే దారి లేక కాదు. ఆ దారిలో నడిచిన సినిమా మన దగ్గరే ఉంది. 1977లో 'అడవి రాముడు' సృష్టించిన మాస్ ఊపు మాత్రం ఇంకో దారి పట్టించింది.

ఆ ఊపులో మరుగున పడిపోయిన విషయం వయసు తేడా కంటే బరువైనది. 'అడవి రాముడు' విడుదలైనప్పుడు జయప్రదకు పదిహేనేళ్లు, ఎన్టీఆర్‌కు యాభై మూడు. 'వేటగాడు' విడుదలైన 1979 జులై నాటికి శ్రీదేవికి ఇంకా పదహారు నిండలేదు. 1992 జనవరిలో 'చంటి' వచ్చినప్పుడు మీనాకు పదిహేను. 2021లో 'ఉప్పెన' వచ్చినప్పుడు కృతి శెట్టికి పదిహేడు. పదో తరగతి, ఇంటర్ చదివే వయసు పిల్లలతో వానపాటలు, శోభనం సన్నివేశాలు తీయడం గురించి మనం దశాబ్దాల పాటు ఏమీ అనుకోలేదు. హీరోకు నలభై ఉన్నా ఇరవై ఉన్నా ఇది తప్పే. ముప్పై ఏళ్ల తేడా అన్నప్పుడు చర్చంతా హీరో వయసు చుట్టూ తిరుగుతుంది. అవతల ఉన్నది మైనరా అన్న ప్రశ్న ముందు రావాలి.

'ఉప్పెన'లో కృతికి తండ్రిగా చేసిన విజయ్ సేతుపతి, తరవాత ఆమెతో జోడీగా నటించే అవకాశం వస్తే వద్దన్నానని చెప్పారు. కూతురిగా చూసిన అమ్మాయితో రొమాన్స్ చేయలేనన్నది ఆయన కారణం. ఒక నటుడు వద్దంటే ఆగిపోతుందని తెలియడానికి ఇదొక్కటి చాలు.

తేడా ఎలా పెరుగుతుందో చూడాలంటే చిరంజీవి కెరీర్ వరసగా పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. ఎనభైల మొదట్లో 'న్యాయం కావాలి', 'అభిలాష'లలో రాధికతో తేడా ఏడేళ్లు, 'మంచు పల్లకి'లో సుహాసినితో ఆరేళ్లు. విజయశాంతితో పదకొండు. 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో శ్రీదేవితో ఎనిమిది. 1992లో 'ఘరానా మొగుడు'లో నగ్మాతో పందొమ్మిది. 2002లో 'ఇంద్ర'లో ఆర్తి అగర్వాల్‌తో ఇరవై ఎనిమిది. 2017లో 'ఖైదీ నంబర్ 150'లో కాజల్‌తో దాదాపు ముప్పై. తొంభైల మొదట్లో తప్ప ఎక్కడా ఒక్కసారిగా పెద్ద దూకుడు లేదు. హీరోకు ఏటా ఒక ఏడాది పెరుగుతుంది, హీరోయిన్ మాత్రం మళ్లీ మళ్లీ ఇరవైల్లోంచే వస్తుంది. అందుకే ప్రేక్షకుడికి ఒక్కో సినిమా విడిగా చూసినప్పుడు అంత తేడా అనిపించదు.

ఒక తరం హీరోయిన్ రెండు తరాల హీరోల మధ్య నలిగే పరిస్థితి కూడా ఇక్కడిదే. 1981లో 'ప్రేమాభిషేకం'లో యాభై ఆరేళ్ల అక్కినేనికి పదిహేడేళ్ల శ్రీదేవి ప్రేయసి. 1988లో 'ఆఖరి పోరాటం'లో ఆమె అక్కినేని కొడుకు నాగార్జునకు హీరోయిన్. కాజల్, రామ్ చరణ్ ఇద్దరూ 1985లోనే పుట్టారు, 'మగధీర' జంట. ఎనిమిదేళ్ల తరవాత రామ్ చరణ్ నిర్మించిన 'ఖైదీ నంబర్ 150'లో ఆమె ఆయన తండ్రి పక్కన. రకుల్ ప్రీత్ సింగ్ 2017లో నాగచైతన్యతో, 2019లో నాగార్జునతో. నటిగా అది ఆమె పని, ఆమెను అనడానికి ఏమీ లేదు. అటువైపు నుంచి చూడండి. ఒక హీరోయినూ, ఆ తరవాత ఆమె కూతురూ ఒకే హీరో పక్కన చేస్తే ఎంత గోల జరిగేదో ఊహించుకోవచ్చు. తండ్రీకొడుకులు ఒకే హీరోయిన్‌తో చేస్తే మాత్రం అది 'అరుదైన రికార్డు'గా వార్తల్లోకి వస్తుంది. 2023 సంక్రాంతికి ఒకే రోజు తేడాతో వచ్చిన బాలకృష్ణ 'వీరసింహారెడ్డి', చిరంజీవి 'వాల్తేరు వీరయ్య' రెండింటిలోనూ హీరోయిన్ శ్రుతి హాసన్. చిరంజీవికీ శ్రుతి తండ్రి కమల్ హాసన్‌కూ మధ్య తేడా తొమ్మిది నెలలే.

దీని వెనక ఉన్నది ఎవరో ఒకరి మోజు అనుకుంటే పొరపాటు. మార్కెట్ నడిచే పద్ధతి అలా ఉంది. తెలుగు సినిమా వ్యాపారం హీరో పేరు మీద జరుగుతుంది. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఆంధ్ర ఏరియాల హక్కులు కొనే బయ్యర్ అడిగే మొదటి మాట హీరో ఎవరు, డైరెక్టర్ ఎవరు అని. ఓపెనింగ్స్ తెచ్చేది ఫ్యాన్స్. వాళ్లకు తమ హీరో ఎప్పుడూ పాతికేళ్ల కుర్రాడిలా డ్యాన్స్ చేయాలి, కాలరెగరేయాలి. హీరో వయసు కనిపించకుండా దాచడానికి విగ్గు, మేకప్, డీఐ (కంప్యూటర్లో రంగులు సరిదిద్దడం) ఎలా పనికొస్తాయో, పక్కన నిలబడే కుర్ర హీరోయిన్ కూడా అలాగే పనికొస్తుంది. ఆమె పక్కనుంటే ఆయన కుర్రాడే అని తెర నమ్మించాలి. ఆమెకు ఇచ్చే పారితోషికం హీరో పారితోషికంతో పోలిస్తే చిన్న మొత్తం, కాల్షీట్లు కొద్ది రోజులే. ఆమెను మార్చడం తేలిక, హీరోను మార్చడం కుదరదు. ఫ్రెష్ ఫేస్ కావాలి, ఫ్రెష్ జోడీ కావాలి అని అనుకున్నప్పుడల్లా ఆ ఫ్రెష్ హీరోయిన్ వైపే చూస్తారు.

దానివల్ల స్క్రిప్టుకు జరిగే నష్టం తక్కువేమీ కాదు. హీరో వయసెంతో కథ ఎక్కడా చెప్పదు, చెప్పలేదు. చెబితే ఆయన ఇన్నాళ్లూ ఏం చేశాడు, పెళ్లెందుకు కాలేదు అన్న ప్రశ్నలొస్తాయి. కాబట్టి హీరోకు గతం ఉండదు, లేదా ఉన్న గతమంతా ఫ్లాష్‌బ్యాక్ పగ మాత్రమే. అతని స్నేహితులు నలభై దాటిన కమెడియన్లు. హీరోయిన్ తండ్రిగా వేసే నటుడు కొన్నిసార్లు హీరో కంటే చిన్నవాడు, అయినా హీరో ఆయన్ని 'అంకుల్' అంటాడు. ప్రేమ పుట్టడానికి ఇద్దరూ మాట్లాడుకోవాలి, మాట్లాడుకుంటే ఈడు తేడా బయటపడుతుంది. అందుకని ప్రేమకథ రెండు మూడు టీజింగ్ సీన్లు, నాలుగు పాటలకు కుదించుకుపోతుంది. లవ్ ట్రాక్ పేలవంగా ఉందని రివ్యూల్లో రాసేవాళ్లు చాలాసార్లు ఈ కారణాన్ని చూడరు. కథా రచయితలకు రాయడం రాక కాదు, రాస్తే గుట్టు బయటపడుతుంది కాబట్టి రాయరు.

మన భాష కూడా దీనికి కొంత సాయం చేస్తుంది. పాటల్లో హీరోను 'బావా' అంటారు, 'మావా' అంటారు. మావ అన్న మాటలో మేనమామా ఉన్నాడు, మొగుడూ ఉన్నాడు. అక్క కూతుర్ని చేసుకోవడం తెలుగు కుటుంబాల్లో మొన్నమొన్నటి దాకా మామూలు విషయం, అందులో పది పదిహేనేళ్ల తేడా ఎవరికీ వింత కాదు. చట్టంలో కూడా పెళ్లి వయసు ఆడపిల్లకు పద్దెనిమిది, మగవాడికి ఇరవై ఒకటి. 'మావా' అని పిలిచేసరికి వినేవాళ్లకు ఆ పెద్దరికం ముందే ఒప్పుకున్నట్టయిపోతుంది. కానీ అదే తెలుగు నేల మీద 1892లోనే 'కన్యాశుల్కం' రంగస్థలమెక్కింది. ముసలి లుబ్ధావధాన్లకు పసిపిల్ల సుబ్బిని కట్టబెట్టే ప్రయత్నమే ఆ నాటకానికి ఇరుసు. అదే గురజాడ రాసిన పూర్ణమ్మ, ముసలి మొగుడి దగ్గరికి వెళ్లలేక దుర్గ కొలనులో కలిసిపోయింది. మన ఆధునిక సాహిత్యం మొదటి అడుగుల్లోనే అడిగిన ప్రశ్న ఇది. డబ్బిచ్చి పిల్లను కొనడానికీ సినిమాలో నటించడానికీ పోలిక లేదు, నిజమే. అయినా ఆ తేడాను చూసి నొచ్చుకునే చూపు మన సంస్కృతికి కొత్తదేమీ కాదని చెప్పడానికి ఇది గుర్తు చేసుకోవాలి. పాశ్చాత్య ఆలోచన అంటూ కొట్టిపారేసేవాళ్లు గురజాడను ఎక్కడ పెడతారు?

తేడా తిరగబడితే ఏమవుతుందో కూడా చూద్దాం. మహేశ్ బాబు భార్య నమ్రత ఆయన కంటే మూడేళ్లు పెద్ద. 2000లో 'వంశీ'లో ఇద్దరూ హీరో హీరోయిన్లు, 2005లో పెళ్లి చేసుకున్నారు. అభిమానులు ఆ జంటను ఎంతో ప్రేమగా చూస్తారు. బయట మూడేళ్లు పెద్దయిన భార్య ఉన్న మనిషికి తెరమీద ఐదేళ్లు పెద్దయిన నటి అమ్మ. 'మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి'లో అనుష్క తనకంటే ఎనిమిదేళ్ల చిన్నవాడైన నవీన్ పోలిశెట్టితో నటించారు. 'ఖుషి'లో సమంత విజయ్ దేవరకొండ కంటే రెండేళ్లు పెద్ద. జనం వీటిని ఏ ఇబ్బందీ లేకుండా చూశారు. అనుష్క, సమంత, నయనతార, తమన్నా, కాజల్ తరం ముప్పై దాటాక, కొందరు పెళ్లయ్యాక కూడా హీరోయిన్లుగా కొనసాగడం మంచి మార్పే. వాళ్లు సంపాదించుకున్న మార్పు. ఇప్పుడు వాళ్లు నలభైల్లోకి వస్తున్నారు. అసలు పరీక్ష ఇప్పుడే.

'జనం చూస్తున్నారు కాబట్టే తీస్తున్నాం' అన్న వాదన ఒకటి ఎప్పుడూ వినిపిస్తుంది. 'ధమాకా' పెద్ద హిట్, 2024లో 'మిస్టర్ బచ్చన్' ఫ్లాప్. రెండింటిలోనూ హీరో రవితేజే, హీరోయిన్ ఆయన కంటే ముప్పై ఏళ్లకు పైగా చిన్నే. 2025 సంక్రాంతికి ఇళ్లన్నీ కదిలి వెళ్లిన 'సంక్రాంతికి వస్తున్నాం'లో వెంకటేశ్‌కు భార్యగా వేసిన ఐశ్వర్యా రాజేశ్ ఆయన కంటే ఇరవై తొమ్మిదేళ్లు చిన్న. ఆ సినిమా ఆడింది మొగుడూ పెళ్లాల మధ్య నవ్వుల వల్ల, ఐశ్వర్య పల్లెటూరి ఇల్లాలిగా పండించిన తీరు వల్ల. వయసు తేడా సినిమాను ఆడించదు, ఆపదు. అలాంటప్పుడు దాన్ని వదులుకుంటే నిర్మాతకు పోయేదీ లేదు.

2016 నాటి 'సోగ్గాడే చిన్నినాయనా' దీనికి చాలా విలువైన ఉదాహరణ. అందులో నాగార్జునవి రెండు పాత్రలు. తండ్రి బంగార్రాజుకు భార్య సత్తెమ్మగా రమ్యకృష్ణ, పదకొండేళ్ల తేడా. కొడుకు రాముకు జోడీ లావణ్యా త్రిపాఠి, ముప్పై ఒక్క ఏళ్ల తేడా. ఒకే సినిమా, ఒకే హీరో, రెండు జంటలు. జనానికి గుర్తుండిపోయింది ఎవరు? బంగార్రాజు, సత్తెమ్మ. ఆ సరసం, ఆ దెప్పిపొడుపు, ఆ చనువు ఒక ఈడువాళ్ల మధ్య మాత్రమే పుట్టేవి. ఆరేళ్ల తరవాత సీక్వెల్ తీసినప్పుడు పేరే 'బంగార్రాజు' అని పెట్టుకుని, మళ్లీ రమ్యకృష్ణనే తీసుకొచ్చారు. 2012లో 'మిథునం' అయితే ఇంకో అడుగు ముందుకేసింది. అరవై దాటిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, అరవైకి చేరువైన లక్ష్మి, ఒక పెరడు, ఒక వంటిల్లు. సినిమా అంతా వాళ్లిద్దరే.

ఈమధ్య సీనియర్ హీరోలకు ఇంకో ఉపాయం దొరికింది. అసలు హీరోయినే లేకుండా తీయడం. 2022లో వచ్చిన చిరంజీవి 'గాడ్‌ఫాదర్' అలాంటిదే. విమర్శ తప్పింది, కానీ యాభై దాటిన నటికి పాత్ర మాత్రం దొరకలేదు. తేడా లెక్క మాయమైంది, దాంతోపాటు హీరో పక్కన జోడీగా నిలబడే ఆడమనిషి కూడా మాయమైంది. దీన్ని పరిష్కారం అనడానికి మనసొప్పదు.

2023లో బాలకృష్ణ 'భగవంత్ కేసరి'లో శ్రీలీల ఆయన పెంచుకున్న అమ్మాయి. పది నెలల కిందటే యాభై నాలుగేళ్ల రవితేజకు ప్రేయసిగా చూసిన అమ్మాయిని అరవై మూడేళ్ల హీరో తండ్రిలా చేయిపట్టి నడిపిస్తుంటే, ఆమెకు చేయడానికి నిజంగా ఒక పాత్ర దొరికింది. భయం నుంచి ధైర్యానికి ఎదిగే ప్రయాణం దొరికింది. సినిమా ఆడింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులోనూ ఆయన పక్కన మనసుపడే పాత్ర ఒకటుంది. దాన్ని యాభై ఏళ్ల నటి చేసినా కథలో ఒక్క సీను మార్చనక్కర్లేదు. చేసింది కాజల్, ఆయన కంటే పాతికేళ్లు చిన్న.